మేకప్ బస్సుకి కరెంటు పోయిన పొద్దు

కొత్త ఇన్వర్టర్ బిగించిన సాయంత్రం అమీర్‌పేటలో మా సందులో మేం చేసిన గోలకి ఎదురు హాస్టల్ అమ్మాయిలందరూ కిటికీల్లోకి వచ్చేశారు. ఏదో బారాత్ అనుకున్నట్టున్నారు. ఆగి ఉన్న మినీ బస్సు చుట్టూ మనుషులు ఎగురుతుంటే ఎవరైనా అదే అనుకుంటారు.

"ఏసీ నడుస్తోందే! ఇప్పుడు బల్బులు వెయ్యి!" అని నేను కింద నుంచి అరిచాను.

అక్క లోపల స్విచ్ వేసింది. అద్దం చుట్టూ ఉన్న బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి.

"హెయిర్ డ్రయర్ కూడా పెట్టు!"

పెట్టింది. అదీ తిరిగింది. నేను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూనే గంతులేశాను. తర్వాత చూస్తే అందులో బస్సు కనపడలేదు, ఆకాశం, నా అరుపులు తప్ప ఏమీ లేవు. అయినా మా క్లాస్ గ్రూపులో పెట్టేశాను.

ఎలక్ట్రీషియన్ భాయ్ స్క్రూడ్రైవర్ జేబులో దోపుకుంటూ కాలర్ ఎగరేశాడు. "చూసినవా? మక్ఖన్ లెక్క నడుస్తుంది. ఇగ ఫికర్ చెయ్యకు."

"మస్తు చేసినవ్ భాయ్!"

ఆ బస్సు ఒకప్పుడు సినిమా షూటింగులకి తిరిగిన కారవాన్. లోపల పొడుగాటి అద్దం, తిరిగే కుర్చీ, నడుం వాల్చడానికి సన్న మంచం, చేతులు కడుక్కునే సింకు, పైన చిన్న ఏసీ. మా అక్క దాన్ని పెళ్ళికూతుళ్ళ కోసం కొంది. ఈ ఊళ్ళో పెళ్ళికూతురు ముస్తాబవ్వడానికి చోటుండదు. ఇల్లు చూస్తే ఇరుకు, ఫంక్షన్ హాలు గదిలో చుట్టాల సూట్‌కేసులు. పార్లర్‌లో తయారై ఆటో ఎక్కితే పంజాగుట్ట సిగ్నల్ దగ్గరికొచ్చేసరికి సగం మేకప్ చెమటకి కారిపోతుంది, మిగతా సగం మీద మెట్రో పిల్లర్ల దుమ్ము. అందుకని పార్లర్‌నే పెళ్ళి గుమ్మం దాకా తీసుకెళ్తానంది అక్క. హైటెక్ సిటీలో నిక్షేపంలాంటి ఉద్యోగం మానేసి మరీ అంది.

బస్సులో జనరేటర్ లేదు. వెనక సీటు కింద పెద్ద బ్యాటరీలు, వాటి కరెంటుని ఇంటి కరెంటులా మార్చే ఇన్వర్టర్, అంతే. చప్పుడుండదు, పొగ ఉండదు. అక్క అందరికీ గొప్పగా చెప్పుకునేది ఆ సంగతే. సరిగ్గా మొదటి బుకింగ్ ముందు ఆ ఇన్వర్టరే మాడి కూర్చుంది. అందుకే కొత్తది వచ్చి, ఏసీ తిరిగిన సాయంత్రం అంత గోల.

గోల చెయ్యనిది మా అమ్మ ఒక్కతే. మేడ మీద నుంచి చూస్తూ నిలబడింది. కోస్తా నుంచి వచ్చి, ఈ మహానగరంలో ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది బస్సులో రంగులు పూసుకోవడానికా అని ఆవిడ బాధ. పాత ఆఫీసువాళ్ళు అక్కని మళ్ళీ రమ్మన్నారని తెలిశాక మరీ పట్టుబట్టింది.

"ఒక్క పెళ్ళి చూస్తాను. అది సవ్యంగా జరిగిందా, ఇంక నేను నోరెత్తను. జరగలేదా, బస్సు అమ్మేసి మర్యాదగా ఆఫీసుకి వెళ్ళాలి," అంది.

అక్క సరేనంది. అంత తేలిగ్గా సరేనన్నందుకు నాకే భయమేసింది.

మర్నాడు పొద్దున నేను కిందికొచ్చేసరికి బస్సుకి పూజ జరిగిపోతోంది. రిపేరు నుంచి వచ్చిన బండిని పూజ చెయ్యకుండా మా అమ్మ సందు దాటనివ్వదు. నచ్చని బండైనా సరే. ముందు అద్దానికి గంధం బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, వెనక సీటు ఎత్తి బ్యాటరీ పెట్టెకి సైతం పసుపు, కుంకుమ. బస్సు లోపల చిన్న లైటు వెలుగుతోంది. ఎక్కడో కొత్త రంగు వాసన తగిలింది కానీ నేను పట్టించుకోలేదు. మా సందులో రోజూ ఏదో ఒక కోచింగ్ సెంటర్ బోర్డు రంగు మారుతూనే ఉంటుంది. నిన్న జావా, ఇవాళ టెస్టింగ్, రేపు ఇంకోటి.

డ్రైవరన్న కొబ్బరికాయ కొట్టాడు. రెండు చిప్పలూ తెల్లగా ఉన్నాయి.

"శుభం," అంది అమ్మ, చెంగుతో చేతులు తుడుచుకుంటూ. తర్వాత ఎవరూ పిలవకుండానే బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. పరీక్ష పెట్టినావిడ పేపర్ దిద్దడానికి రావాలి కదా.

పెళ్ళి పంజాగుట్ట వెనక, ఎర్రమంజిల్ వైపు వెళ్ళే వీధిలో, ఒక చర్చిలో. పెళ్ళికూతురు వాళ్ళు అక్కడే క్వార్టర్స్‌లో ఉంటారు. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. తెల్ల పట్టుచీర, దాని మీద నేలను తాకే తెల్లటి ముసుగు. ఆ ముసుగుతో మెట్లు దిగి, తవ్వేసిన రోడ్డు దాటి వచ్చేసరికి అది ఏ రంగులో ఉంటుందో తల్చుకుని ఆ అమ్మాయి అక్కకి ఫోన్ చేసింది. చర్చి ఆవరణలోనే బస్సు పెట్టుకోమని పాస్టరు గారు ఒప్పుకున్నారు. వాళ్ళు ఆయన్ని అయ్యగారు అంటారు. జనరేటర్ మోత మాత్రం వద్దన్నారు. అక్క ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు, "మా దాంట్లో అసలు జనరేటరే లేదండీ!" అంది.

మేం గేటులోకి తిరిగేసరికి పెళ్ళికూతురు నైటీ మీద చున్నీ వేసుకుని, తల తడిగా, చెట్టు నీడలో ఎదురు చూస్తోంది. పక్కన వాళ్ళ మేనత్త, చేతిలో చీర కవరు. చర్చి లోపల జనం అట్టముక్కలతో విసురుకుంటున్నారు.

"వందనాలమ్మా," అంది మేనత్త. "రోడ్డు తవ్వుతా ఉంటే కేబుల్ తెగిందంట. పొద్దుట్నుంచి వీధి వీధంతా కరెంటు లేదు. మీ బండిలో ఏసీ ఉందనే ధైర్యంగా ఉన్నాం."

"దిగులు పడకండి, పది నిమిషాల్లో ఊటీలో ఉన్నట్టు ఉంటుంది," అంది అక్క. బ్రష్‌లు బల్ల మీద పరిచింది. పెళ్ళికూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టింది. తలుపు మూసింది. నేను ఆ క్షణాన్ని ఫోన్‌లో పట్టుకోవాలని రెడీగా నిలబడ్డాను.

అక్క ఏసీ స్విచ్ నొక్కింది.

ఇన్వర్టర్ కుయ్యిమంది. పైనున్న చిన్న లైటు గుడ్డిగా అయింది. తర్వాత అదీ ఆరిపోయింది. ఏసీ ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

బస్సులో చీకటి, ఉక్క. కాసేపటికి చిన్న లైటు తనంతట తనే మళ్ళీ వెలిగింది. అక్క మళ్ళీ నొక్కింది. మళ్ళీ కుయ్యి, మళ్ళీ చీకటి. ఏసీ వదిలేసి బల్బులు ప్రయత్నించింది. అవి ఎర్రగా మినుకుమని పోయాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు కానీ ఫోన్ చేతిలో ఉంది, భాయ్ నంబరు పైనే ఉంది.

"ఏం చేసినవ్ భాయ్? మక్ఖన్ అన్నవ్, ఫికర్ చెయ్యకన్నవ్! ఇక్కడ బ్రైడ్ చెమటల్లో మునిగిపోతుంది!"

"అరే, జర ఆగు. ఏమైందో చెప్పు ముందు."

"ఏమైందా? నీ ఇన్వర్టర్ సచ్చిపోయింది!"

"గట్లెట్ల సస్తది? రాత్రి నీ ముంగటనే నడిచింది కద? నువ్వే ఎగిరినవ్ కద?"

"ఎగిరినందుకే సిగ్గుపడుతున్నా!"

"ఏంటే ఆ అరుపులు? గుడి ముందు ఉన్నాం," అంది అమ్మ. మళ్ళీ తనే సర్దుకుంది. "అదే, చర్చి ముందు."

భాయ్ కొత్త ఇన్వర్టర్‌లో లోడు సెట్టింగు ఏదో ఉందని, దాన్ని మార్చమని చెప్పాడు. మార్చాను. మళ్ళీ అదే కుయ్యి. బ్యాటరీ దిగిపోయిందేమో చూడమన్నాడు. డ్రైవరన్న టూల్ బాక్స్‌లో మీటరు ఉంటే తీసి బ్యాటరీకి పెట్టాను. నిండుగా ఉంది. "నేను బయల్దేరుతున్న," అన్నాడు భాయ్. కానీ ఆయన షాపు ఊరికి ఆ చివర. ఆ ట్రాఫిక్‌లో ఆయన వచ్చేసరికి పెళ్ళయి భోజనాలు కూడా అయిపోతాయి.

అక్క తలుపు పూర్తిగా తెరిచి, పగటి వెలుతురులోనే పెళ్ళికూతురి మొహానికి ఫౌండేషన్ పూయడం మొదలుపెట్టింది. అది పూసినంత సేపు నిలవలేదు. చెంప మీద నుంచి చెమట గీత దిగి, రంగుని గెడ్డం దాకా తోసుకెళ్ళింది. అక్క తుడిచింది. మళ్ళీ పూసింది. మళ్ళీ గీత.

"అక్కా, నన్ను ఇలాగే పంపించేయండి పర్లేదు," అంది ఆ పిల్ల. అంటూనే కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది. ఆ నీళ్ళకి మిగిలిన రంగు కూడా పోయింది.

అమ్మ నాలుగు మాటలు అంటుందనుకున్నాను. అన్నా బాగుండేది, నేనూ తిరిగి నాలుగు అనేదాన్ని. ఆవిడ మాత్రం సీటు మీదున్న పెళ్ళి పత్రిక తీసుకుని పెళ్ళికూతురికి గబగబా విసరడం మొదలుపెట్టింది. అక్క ఒక్కసారి తల తిప్పి అమ్మ వైపు చూసి మళ్ళీ బ్రష్ వైపు చూసుకుంది. ఆ చూపు నాకు అర్థమైంది. పందెం ఓడిపోయాననుకుంటోంది.

"ఓడిపోలేదు! ఆగవే నువ్వు!" అని అరిచి నేను బస్సులో నేల మీద పడుకుని వెనక సీటు కిందికి దూరాను.

నేనప్పుడు అమీర్‌పేటలోనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. మా సారు రోజూ ఒకటే మాట నూరిపోసేవాడు. నిన్న నడిచింది, ఇవాళ నడవట్లేదంటే, మధ్యలో ఏదో మారింది. ముందది పట్టుకో, తర్వాత ఏడువు.

"నిన్న సాయంత్రం నుంచి ఇప్పటిదాకా ఈ బస్సుకి ఎవరు ఏం చేశారు?" అని సీటు కింద నుంచే గట్టిగా అడిగాను.

"ఎవలూ ఏం చెయ్యలే చెల్లె," అన్నాడు డ్రైవరన్న. "సందుల పెట్టిన, పొద్దుగాల తీసిన. గంతే."

"ఏం చెయ్యలేదు. పూజ చేశాం, వచ్చాం," అంది అమ్మ.

పూజని ఎవరూ మార్పు కింద లెక్కెయ్యలేదు. నేను కూడా.

ఫోన్ పళ్ళ మధ్య పెట్టుకుని టార్చి వెలుతురులో మీటరు పట్టుకున్నాను. నోట్లో ఫోన్ ఉంటే నేను తిట్టలేను, అందువల్ల బుర్ర కాస్త పనిచేసినట్టుంది. బ్యాటరీ నిండుగా ఉంది, ఇన్వర్టర్ ఆకలితో చస్తోంది. అంటే అన్నం వండినచోటే ఉంది, విస్తరి దాకా రావట్లేదు. దారిలో ఎక్కడో ఆగుతోంది. దారులు రెండే. పోయేది ఎర్ర వైరు. తిరిగొచ్చేదానికి వైరు లేదు, బస్సు ఇనుప ఒళ్ళే దారి. బ్యాటరీ నుంచి ఒక నల్ల వైరు వచ్చి ఇనుప పలకకి బోల్టుతో బిగించి ఉంటుంది, ఇన్వర్టర్ నుంచి ఇంకొకటి ఇంకోచోట.

ఫోన్ తీసి, "అక్కా, నేను చెప్పినప్పుడు ఏసీ నొక్కు!" అన్నాను. మీటరు తీగల చివరుండే ముల్లు ఒకటి ఎర్ర వైరు ఈ చివర, ఇంకొకటి ఆ చివర పెట్టాను. "నొక్కు!" కుయ్యి, చీకటి. మీటరు కదల్లేదు. అంటే ఆ దారిలో బలమేమీ తగ్గట్లేదు, ఎర్రది మంచిదే.

ఇప్పుడు నల్లది. ఒక ముల్లు బ్యాటరీ మీద, ఇంకొకటి బస్సు ఇనుము మీద. "మళ్ళీ నొక్కు!"

మీటరు అంకెలు ఎగిరి కూర్చున్నాయి. బ్యాటరీలో ఉన్న బలమంతా అక్కడే, ఆ జానెడు దూరంలోనే ఆగిపోతోంది!

"దొరికింది! దొరికింది!" అని లేవబోయి సీటు చట్రానికి తల కొట్టుకున్నాను. నొప్పి కూడా తెలియలేదు. టార్చి ఆ బోల్టు మీద వేశాను. నిన్న భాయ్ బిగించినప్పుడు ఆ పలక తుప్పుతో గోధుమరంగులో ఉంది, బోల్టు చుట్టూ మాత్రం గీకి తెల్లగా చేశాడు. ఇప్పుడు పలకంతా నల్లగా, నిగనిగలాడుతూ మెరుస్తోంది. దాని మీద చక్కగా గుండ్రటి పసుపు, మధ్యలో కుంకుమ.

"ఈ నల్ల రంగు ఎవరేశారు?"

డ్రైవరన్న అమ్మ వైపు చూశాడు.

"అమ్మ చెప్పిన్రు," అన్నాడు డ్రైవరన్న మెల్లగా. "రాత్రి డబ్బా తెచ్చిన. వైరు ఇప్పి, రంగేసి, పొద్దుగాల మళ్ల బిగించిన. పూజకు లైట్ ఎలిగింది కద, అంత మంచిగనే ఉన్నదనుకున్న."

అప్పుడు అంతా అర్థమైంది. రంగు పూత కరెంటుని పోనివ్వదు. బోల్టు మర గాట్ల సందుల్లోంచి చిన్న లైటుకి సరిపడా కొంచెం పోతుంది, అందుకే పూజలో అది వెలిగింది. ఏసీ అడిగేసరికి గొంతు నొక్కేసినట్టే.

నేను సీటు కింద నుంచి బయటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "కావాలనే చేశావా? అక్క ఓడిపోవాలని కావాలనే చేశావా?"

అమ్మ విసురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"కావాలనా?" అంది. ఆవిడ మొహం పాలిపోయింది. "తుప్పు మీద పసుపు పెట్టకూడదే. మా నాన్న నాగలికైనా తుప్పు గీకి రంగు వేశాకే బొట్టు పెట్టేవాడు. నాకీ బస్సు నచ్చకపోవచ్చు. అయినా దాని మొదటి పని అది. తుప్పుతో ఎలా పంపిస్తానే?"

అక్క అటు తిరిగింది. చేతిలో బ్రష్ అలాగే ఉంది. "రాత్రి నువ్వు నిద్రపోకుండా తిరిగింది దీనికోసమా అమ్మా?"

అమ్మ మళ్ళీ పెళ్ళి పత్రికతో విసరడం మొదలుపెట్టింది.

ఈలోపు మేనత్త బస్సు తలుపు పట్టుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ బండిని, ఈ బిడ్డల చేతుల్ని ఆశీర్వదించు, ఈ ఇన్వర్టర్‌ను ముట్టు తండ్రీ," అని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. అమ్మ కూడా చేతులు జోడించింది. ఆ పసుపుబొట్టు చూసి మేనత్త ఏమనుకుంటుందోనని పొద్దున్నుంచి అమ్మకో బెంగ. మేనత్త ఒక కన్ను తెరిచి, "మీ పసుపు మీరు పెట్టుకోండి, మా ప్రార్థన మేం చేసుకుంటాం. ముందు కరెంటు రానీయండి వదినా," అని మళ్ళీ కన్ను మూసుకుంది.

"డ్రైవరన్నా, బండి స్టార్ట్ కాకపోతే పెడతావే, ఆ లావు వైర్లు ఉన్నాయా?"

"ఉన్నయ్!"

ఉన్నాయి. ఒక కొక్కెం బ్యాటరీ నల్ల వైపుకి, ఇంకో కొక్కెం రంగు తగలని సీటు కాలి బోల్టుకి. చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ.

"అక్కా, నొక్కు!"

ఏసీ దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత గుర్రుమని అందుకుంది. చల్లగాలి! అద్దం చుట్టూ బల్బులు భగ్గుమన్నాయి. పెళ్ళికూతురు కెవ్వుమని అరిచింది, నేను అంతకన్నా గట్టిగా అరిచాను, డ్రైవరన్న బస్సు ఒంటి మీద చేత్తో డప్పు కొట్టాడు.

"ఆమెన్!" అంది మేనత్త.

"చూశారా, కొబ్బరికాయ కుళ్ళలేదు, అప్పుడే అనుకున్నా," అంది అమ్మ.

"వైరు! నేను పెట్టిన వైరు!" అని నేను మొత్తుకున్నాను. ఎవరూ వినలేదు.

కానీ కొక్కెం వైరుతో ఎక్కువసేపు నడపకూడదని భాయ్ వీడియో కాల్‌లో మొత్తుకున్నాడు. ఆయన ఇంకా సిగ్నల్ దగ్గరే ఇరుక్కుని ఉన్నాడు. నేను ఫోన్ ఆ బోల్టు ముందు పెట్టగానే పగలబడి నవ్వాడు. "రంగేసిన్రా? అర్రె, దునియాల ఎవలన్న అర్త్ పలకకు రంగేస్తరా? నన్ను ఎన్ని మాటలన్నవ్ నువ్వు!"

"తర్వాత సారీ చెప్తా భాయ్, ఇప్పుడేం చెయ్యాలో చెప్పు!"

"ఏసీ బంద్ చెయ్యి. కొక్కెం తియ్యి. బోల్టు ఇప్పి రంగంత గీకు. ఇనుము తెల్లగ మెరవాలె."

"దేంతో గీకను?"

చుట్టూ చూశాను. అక్క పెట్టెలో పాదాల మడమలు రుద్దే గరుకు పలక, కొత్తది, ఇంకా కవరులోనే ఉంది. లాగేశాను.

"ఏయ్! అది నా ఫుట్ ఫైలే! బంజారా హిల్స్‌లో కొన్నాను!"

"నీ బస్సు మడమే రుద్దుతున్నా, ఊరుకో!"

రుద్దాను. నల్ల పొడి రాలింది, తర్వాత గోధుమ పొడి, తర్వాత వెండిలాంటి ఇనుము బయటపడింది. డ్రైవరన్న స్పానర్‌తో బోల్టుని చెయ్యి నొప్పెట్టేదాకా బిగించాడు. పైన గ్రీజు రాయకపోతే మళ్ళీ తుప్పు పడుతుందన్నాడు భాయ్. గ్రీజు లేదు. పెదాలకి రాసే జెల్లీ డబ్బా కనపడింది. అక్క దాన్ని చేతిలో గట్టిగా పట్టుకుంది. నేను చెయ్యి చాపాను. అక్క నా మొహం చూసి, బ్యాటరీ పెట్టె చూసి, నిట్టూర్చి ఇచ్చేసింది.

తర్వాత ఏసీ ఎక్కడా తడబడలేదు. అక్క చేతులు కూడా. ఆ చేతులు అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ముసుగుకి చివరి పిన్ను పెట్టి, కుర్చీ తిప్పి, పెళ్ళికూతురిని అద్దం వైపు చూపించింది. ఆ అమ్మాయి అద్దంలోకి చూస్తూ చేతి తొడుగులు వేసుకోవడం మర్చిపోయింది.

"ఏడిస్తే చంపేస్తా," అంది అక్క.

చర్చి మెట్లు బస్సు తలుపు నుంచి నాలుగడుగులు. తెల్ల చీర మీద ఒక్క దుమ్ము రేణువు పడకుండా దిగింది ఆ పిల్ల. ఆడవాళ్ళందరూ ఒక్కసారి తిరిగి చూశారు. నేను ఫోన్ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వీడియో తీశాను. ఈసారి ఆకాశం కాదు, మనుషులే వచ్చారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. అయ్యగారు గబగబా బస్సు దగ్గరికొచ్చారు. నుదుటి మీద చెమట. "అమ్మా, మీ దాంట్లో కరెంటు ఉంది కదా. మా కీబోర్డుకి ఒక లైన్ ఇవ్వగలరా? పాట లేకుండా పెళ్ళికూతుర్ని ఎలా నడిపించమంటారు?"

అక్క నావైపు చూసింది. నేను మీటరు చూశాను. ఏసీ, బల్బులు కలిసి బ్యాటరీని బాగానే తాగేశాయి. "రెండూ అంటే కష్టం. ఏసీ ఆపితే పాటంతా వస్తుంది," అన్నాను.

అప్పటికే చల్లగాలి కబురు తెలిసి ముగ్గురు నలుగురు ఆంటీలు బస్సు ఎక్కేసి, మంచం మీద సర్దుకుని కూర్చున్నారు.

"దిగండి దిగండి, ఏసీ ఆపేస్తున్నాం! పాటకి కరెంటు కావాలి!" అంది అక్క, వాళ్ళని భుజాలు పట్టి లేపుతూ. ఒకావిడ దిగుతూ దిగుతూనే, "మా అమ్మాయికి వచ్చే నెల్లో ఉందమ్మా, నీ నంబరియ్యి," అంది. ఇంకో ఆవిడ, "ముందు నేనడిగాను," అంది. ఎవరూ ముందు అడగలేదు. అక్క వాళ్ళిద్దరి ఫోన్లూ తీసుకుని తన నంబరు తనే కొట్టింది. తన వేళ్ళకి ఇంకా పెళ్ళికూతురి బుగ్గల రంగు ఉంది, ఆ ఫోన్ల అద్దాల మీద కూడా అంటింది.

డ్రైవరన్న పొడుగు వైరు తీసుకుని బస్సు కిటికీ నుంచి చర్చి పక్క గుమ్మం దాకా లాగాడు. లోపల కీబోర్డు మీద ఎవరో ఒక మెట్టు నొక్కారు. మోగింది! రెండోది నొక్కారు. తర్వాత పాట మొదలైంది. జనం లేచి నిలబడిన చప్పుడు. నేను మీటరు ముందు కూర్చుని అంకెలు పడిపోకుండా కళ్ళతోనే పట్టుకున్నాను.

అక్క బస్సు మెట్ల మీద కూర్చుంది. పొద్దున్నుంచి మొదటిసారి కూర్చోవడం. "అమ్మేది?" అంది.

కిటికీలోంచి చూశాను. ఆలస్యంగా వచ్చిన పెళ్ళివాళ్ళు ఆవరణలో పరుగులు పెడుతున్నారు. ఆ వైరు దగ్గర, ఎర్రటి ఎండలో, కొంగు నెత్తిన కప్పుకుని మా అమ్మ నిలబడి ఉంది. సూటు వేసుకున్న ఒకాయన కాలు వైరుకి తగలబోయింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"చూసుకుని నడవండి బాబూ. అది మా పెద్దమ్మాయి కరెంటు."